మెడికల్ షాపు ఫ్రిజ్‌లోని రంగు డబ్బా: రుచికి మూడు స్టార్లు, విరేచనాలకు సున్నా

ముందు రుచి సంగతి చెప్పేస్తాను, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. యాపిల్ రకం బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి స్ట్రా గుచ్చి చేతికిస్తే పిల్లలు దించకుండా తాగేస్తారు. నారింజ రకం కాస్త వెగటు, చివర్లో నాలిక్కి సన్నగా ఉప్పు తగులుతుంది. 200 మిల్లీలీటర్ల అట్ట డబ్బా, నలభై రూపాయలకు అటూ ఇటూ. కూల్‌డ్రింకు అనుకుంటే ధర ఎక్కువే గానీ తాగదగ్గ సరుకే.

కాకపోతే దీన్ని నేను కూల్‌డ్రింకుల కొట్లో కొనలేదు. మనవడికి విరేచనాలవుతున్నాయని మా అల్లుడుగారు మెడికల్ షాపుకెళ్ళి ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి) అడిగితే అర డజను డబ్బాలు కవర్లో పెట్టి ఇచ్చారు. చదువుకున్న మనిషి, కంప్యూటరు ఉద్యోగం. ఆయన అడిగిన పేరే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంది, అమ్మింది మందుల షాపు. అనుమానం ఎందుకొస్తుంది?

కంపెనీ పేరు రాయను. ఈ వరసలో బ్రాండ్లు చాలా ఉన్నాయి. ఒకదాన్ని వేలెత్తి చూపిస్తే మీరు పక్కదాన్ని కొనుక్కొస్తారు.

నేను పల్నాడులో ఆరోగ్య సబ్‌సెంటర్ ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేసి రిటైరయ్యాను. రెంటచింతల ఎండల గురించి పేపర్లో ఏటా చదువుతూనే ఉంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వేసవంతా వడదెబ్బ కేసులు, వానలు పడి బోరు నీళ్ళలో మురుగు కలిసిందంటే ఇంటింటా వాంతులు, విరేచనాలు. నా సంచీలో బీపీ మిషన్ లేని రోజుంది గానీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ బిళ్ళలు లేని రోజు లేదు. కాబట్టి ఈ డబ్బా గురించి మాట్లాడే అర్హత కొద్దో గొప్పో ఉందనే అనుకుంటున్నా.

డబ్బా వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకుని చదివాను. చక్కెర 20 గ్రాములు దాటింది. అంటే టీ చెంచాతో నాలుగైదు చెంచాలు, ఆ చిన్న డబ్బాలో. అసలైన ఓఆర్ఎస్ అదే 200 మిల్లీలీటర్లు కలిపితే అందులో ఉండే గ్లూకోజు 2.7 గ్రాములు. మా అమ్మాయి నమ్మలేదు. స్టీలు గిన్నెలో రెండు కుప్పలూ పోసి చూపించాను. ఒకటి గిన్నె అడుగున చిటికెడు, రెండోది మా వారు ఉప్మాలో చల్లుకునేంత. (ఆయన ఉప్మాలో చక్కెర వేసుకుంటారు, అది వేరే కథ.)

"తీపి కాస్త ఎక్కువైతే ఏమైందమ్మా, నీరసంగా ఉన్నాడు, ఓపికొస్తుంది కదా" అంది. అక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. ఓఆర్ఎస్‌లో గ్లూకోజు వేసేది ఓపిక కోసం కాదు. పేగు గోడలో ఉప్పునూ గ్లూకోజునూ జంటగా లోపలికి లాక్కునే దారి ఒకటి ఉంది. ఆ రెండూ వెళ్తుంటే వాటి వెనకే నీళ్ళూ వెళ్తాయి. నీళ్ళలా విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఆ దారి పనిచేస్తూనే ఉంటుంది. అందుకే నోటితో తాగించి ప్రాణం నిలబెట్టగలుగుతున్నాం. అయితే ఆ జంట సరైన పాళ్ళలో ఉండాలి. చక్కెర మితి మీరితే పేగు లాక్కోలేక మిగిలిపోయిన చక్కెర ఒంట్లో ఉన్న నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనం ఇంకా పలచబడుతుంది. దాహం వేసిన పిల్లాడు ఇంకో డబ్బా అడుగుతాడు. ఇంకోటి ఇస్తారు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 20 గ్రాములు ఉండేది. అది కూడా ఎక్కువేనని పరిశోధనలు చేసి, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 13.5 గ్రాములకు తగ్గించింది. ఉప్పు 3.5 నుంచి 2.6 గ్రాములకు తగ్గించింది. పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9, అన్నీ కలిపి లీటరుకు 20.5 గ్రాములు. ఈ అంకెలు మాకు ట్రైనింగులో బట్టీ పట్టించారు, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆరున్నర గ్రాముల గ్లూకోజు తగ్గించడానికి ప్రపంచమంతా అన్నేళ్ళు తర్జనభర్జన పడితే, ఈ డబ్బాలవాళ్ళు లీటరు లెక్కన వంద గ్రాములకు పైగా పోసి అదే పేరు పెట్టుకున్నారు.

ఆ పేరుకి విలువ ఊరికే రాలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి, తల్లులనే పట్టుకెళ్ళి పిల్లలకు తాగించమన్నారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి వచ్చాయి. ఆయన 2022లో పోయారు, మరుసటేడు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆ నీళ్ళ మీద ఆయన పేటెంటు తీసుకుని బంగళా కట్టుకున్నది లేదు. ఆ తరవాత ఊరూరా తిరిగి తల్లులకు ఆ మూడు అక్షరాలు నేర్పింది మాలాంటివాళ్ళం. గోడల మీద రాయించాం, అంగన్‌వాడీలో పాటలు పాడించాం, ఆశా అమ్మాయిలు ఇంటింటికీ పంచారు. చదువు రాని ముసలమ్మ కూడా "ఓరెస్సు పొట్లం ఇవ్వు నర్సమ్మా" అని అడిగే స్థాయికి తెచ్చాం. ఇంత చేస్తే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిందేమిటంటే, విరేచనాలు అయిన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది 60.6 శాతానికి. సర్కారు ఖర్చుతో, మా కాళ్ళ నొప్పులతో అయిన ఆ ప్రచారం మొత్తాన్ని వీళ్ళు పైసా పెట్టకుండా తమ డబ్బాకు వాడుకున్నారు. నా కోపం చక్కెర మీద కంటే దీని మీదే ఎక్కువ.

వీళ్ళు టీవీలో ప్రకటన వెయ్యనక్కర్లేదు కూడా. షాపులోకి వెళ్ళి నిలబడి చూడండి. కౌంటరు పక్కన అద్దం తలుపుల ఫ్రిజ్, లోపల లైటు, మీ కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఈ డబ్బాలు. డబ్బా మీద కోసిన యాపిల్ ముక్క, చిమ్ముతున్న నీటి చుక్కలు. అసలైన పొడి ప్యాకెట్లు ఎక్కడుంటాయో తెలుసా? వెనక అరలో, దూది కట్టలకీ గాజు గుడ్డకీ మధ్య, కాగితం డబ్బాలో. అడిగితే కుర్రాడు స్టూలు ఎక్కాలి. పెద్దాసుపత్రుల క్యాంటీన్లలోనూ ఇవే, పిల్లల వార్డు బయట కొట్టులోనూ ఇవే. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు తిరిగే చోట పెట్టారంటేనే సగం నమ్మకం కుదిరిపోతుంది. ఆ చోటే వాళ్ళకు ప్రకటన.

మరి "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు" అని రాశారుగా అంటారా? రాశారు. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. రాత్రి రెండింటికి వాంతులు చేసుకుంటున్న పిల్లను భుజాన వేసుకుని, ఆసుపత్రి బయట షాపు ముందు నిలబడ్డ తల్లి అది చదవాలట. ముందు పెద్దక్షరాల్లో అవును అని, వెనక చిన్నక్షరాల్లో కాదు అని రాస్తే, ఆ రెండో రాత కొనేవాళ్ళకు పనికొస్తుందా, కోర్టులో వకీలుకు పనికొస్తుందా?

ఇది నేనొక్కదాన్నే కూర్చుని గింజుకుంటున్న సంగతి కాదు. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిదేళ్ళ పాటు పోరాడారు. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతున్న డబ్బాల్లో లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉందని లేబుళ్ళు పట్టుకుని వీడియోల్లో చూపించారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ పేరు వాడకూడదంది. హమ్మయ్య అనుకునేలోగా జూలైలో మెత్తబడింది. ట్రేడ్‌మార్కులో భాగంగా ఆ అక్షరాలు వాడుకోవచ్చు, కాదు అని ఒక ముక్క రాస్తే చాలు అంది. ఇందాక చెప్పిన చీమ తలకాయ అక్షరాలు అలా పుట్టాయి. 2024 ఫిబ్రవరిలోనూ అదే పాట. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపులన్నీ వెనక్కి తీసుకుంది. ముందు ఒక మాట తగిలించినా, వెనక ఒక అక్షరం తోక పెట్టినా, ఫార్ములా లేని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని తేల్చింది. ఆ రోజు డాక్టరమ్మ వీడియోలో ఏడుస్తూ మాట్లాడారు. చూసి నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి పరుగెత్తాయి, ఉన్న సరుకైనా అమ్ముకోనివ్వమని. మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వేసిన పిటిషన్‌ను అక్టోబరు 31న కోర్టు తోసిపుచ్చింది.

వెన్నెముక ఉన్న ఒక డాక్టరు ఎనిమిదేళ్ళు తిరిగితే గానీ డబ్బా మీద మూడక్షరాలు పోలేదు. పాలల్లో కలిపే చాక్లెట్ పొడులకూ ఇంతే. అవి హెల్త్ డ్రింకులు కావు, అసలు చట్టంలో ఆ మాటకు అర్థమే లేదు అని 2024 ఏప్రిల్‌లో తేల్చి, ఆన్‌లైన్ అంగళ్ళలో ఆ వరస నుంచి తీసెయ్యమన్నారు. అప్పటికి రెండు మూడు తరాలు వాటిని బలమని తాగి పెరిగాయి.

సరే, ఇప్పటి సరుకు గురించి చెప్పాలిగా. ఈ మధ్య మళ్ళీ ఒకటి తెప్పించాను. పేరు మారింది, ఆ అక్షరాలు పోయాయి, ఎలక్ట్రోలైట్ డ్రింక్ అని ఉంది. డబ్బా ఆకారం అదే, రంగు అదే, యాపిల్ ముక్క అదే, ఫ్రిజ్‌లో చోటూ అదే. చక్కెర అదే. పాత డబ్బా పక్కన పెట్టి మా పనమ్మాయిని అడిగాను, ఏమైనా తేడా ఉందా అని. "రెండూ ఓరెస్సేగా అమ్మా" అంది. ఆమె చదవదు, బొమ్మను గుర్తుపడుతుంది. షాపులో అడిగేది కూడా "ఆ యాపిల్ బొమ్మది ఇవ్వండి" అనే. ఆ బొమ్మ మీద నాకు తెలిసి ఏ ఆర్డరూ రాలేదు.

పోలిక కోసం అసలైన పొడి ప్యాకెట్టుకీ రివ్యూ రాస్తున్నా. దాని గురించి రాసేవాళ్ళే ఉండరు పాపం. లీటరు ప్యాకెట్టు ఇరవై పాతిక రూపాయల్లో వస్తుంది, సబ్‌సెంటర్‌లోనూ అంగన్‌వాడీలోనూ ఆశా దగ్గరా ఊరికే ఇస్తారు. కవరు మీద ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి. అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి, వెనక ఇందాక నేను చెప్పిన అంకెలు ఉండాలి. సర్కారు ప్యాకెట్టుకి రుచీ పచీ ఉండదు, కన్నీళ్ళంత ఉప్పగా ఉంటుంది. బయట కొనేవాటిలో నారింజ వాసన వేసినవి పిల్లలు కాస్త నయంగా తాగుతారు. వాసన వేసినా అంకెలు అవే ఉంటే ఫర్వాలేదు.

దీనిలో లోపం ఒకటుంది, దాచను. కలపడం రాకపోతే ఇదీ ప్రమాదమే. లీటరు ప్యాకెట్టును గ్లాసులో సగం వేసి కలిపేవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను. అంత చిక్కగా పోస్తే ఒంట్లో ఉప్పు పెరిగి పసివాళ్ళకు ఫిట్స్ వస్తాయి. మొత్తం ప్యాకెట్టు, మొత్తం లీటరు, ఒకేసారి. కొలతకు గ్లాసులు నమ్మకండి, లీటరు నీళ్ళ బాటిలు ఇప్పుడు లేని ఇల్లు లేదు. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి ఊపండి. కలిపాక మళ్ళీ కాచకూడదు, ఇరవై నాలుగ్గంటలు దాటితే పారబొయ్యాలి. లీటరు వృథా అనిపిస్తే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200, చెంచాతో, నిదానంగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టండి. జింక్ బిళ్ళ పద్నాలుగు రోజులూ వెయ్యాలి, విరేచనాలు మూడోరోజుకే తగ్గినా సరే. తల్లిపాలు ఆపకూడదు. కళ్ళు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, పిల్లాడు మత్తుగా పడున్నా ఇవన్నీ కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.

ప్యాకెట్టు దొరకని చోట లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి. గంజిలో ఉప్పు వేసి పోసినా మంచిదే, మా అమ్మ కాలంలో అదే.

పిల్లల సంగతి ఇలా ఉంటే ముసలాళ్ళది ఇంకో తీరు. ఎండకు తూలొచ్చిందని షుగరున్న తాతలు ఈ డబ్బాలు రోజుకు రెండేసి తాగుతున్నారు, మందుల షాపులోది కదా అని. మా వీధిలో ఒకాయన టీలో చక్కెర మానేసి పదేళ్ళయింది, భార్య పొరపాటున చిటికెడు వేసినా ఒప్పుకోడు. ఆయనే ఏప్రిల్ నెలంతా ఇవి తాగాడు. లెక్క చెప్తే మొహం పాలిపోయింది. ఎండకు ఒంట్లో నీళ్ళు పోయేది నిజమే, దానికి ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు. రోడ్డు మీద చలివేంద్రంలో ఊరికే పోస్తున్నారు.

ఇక షాపతను. మంచివాడే, నేనంటే గౌరవం, నా చేతి మీదుగానే అతని పిల్లలకు టీకాలు పడ్డాయి. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు అడిగాను, ఎందుకయ్యా ఇవి ముందు పెడతావు అని.

"నర్సమ్మగారూ, మీ పొడి ప్యాకెట్టు అమ్మితే నాకు మిగిలేది రెండు మూడు రూపాయలు. ఒకటి కొన్నాయన మళ్ళీ రాడు, తగ్గిపోద్ది. డబ్బా కొన్నాయన అర డజను పట్టుకుపోతాడు. ఆ ఫ్రిజ్ కూడా వాళ్ళు ఇచ్చిందే."

"ఫ్రిజ్ ఇస్తే ఇచ్చారు, నీళ్ళ బాటిళ్ళు పెట్టుకో. విరేచనాలని వచ్చినవాళ్ళకు మటుకు పొడి ఇవ్వు" అన్నాను.

తల ఊపాడు. ఆ తర్వాత ఎవరినో పంపి చూశాను. ఓఆర్ఎస్ కావాలంటే రెండూ తీసి బల్ల మీద పెట్టాడట, ఏది కావాలో చూసుకోండి అని. కొంత నయం.

అందుకే స్టార్లు ఇలా ఇస్తున్నా. చల్లగా తాగే పానీయంగా అయిదుకి మూడు, నారింజ రకానికి రెండు. విరేచనాలకు సున్నా. పొడి ప్యాకెట్టుకి అయిదుకి నాలుగు, కవరు మీద కలిపే పద్ధతి తెలుగులో పెద్దగా అచ్చువేస్తే ఆ ఒక్కటీ ఇచ్చేస్తాను. యాపిల్ రుచి మీద అంత మోజుంటే కిరాణా కొట్లో జ్యూస్ డబ్బా కొనుక్కోండి, ఇంతకంటే చవక, అది మందునని చెప్పుకోదు కూడా.